వెనక గేటు మేయరు

మా అత్తమ్మ ఫ్రాన్స్ దేశంలో ఒక మనిషిని మేయరుగా గెలిపించింది. నవ్వకండి. మొదట నేనూ నవ్వాను. ఆ తర్వాత ఆ గెలుపు కోసం అరిగింది నా నోరే.

అత్తమ్మ పేరు బాలనర్సమ్మ. పుట్టింది శామీర్‌పేట చెరువు పక్కన చేపలు పట్టేవాళ్ల ఇంట్లో, మెట్టింది గుండ్లపోచంపల్లిలో. పంచాయతీ ఉన్న రోజుల్లో వార్డు మెంబరుగా నిలబడ్డ ప్రతిసారీ గెలిచింది. ఇప్పుడు పదవి లేదు, నోరు మాత్రం అలాగే ఉంది. బస్తీలో ఎవరింట్లో నల్లా రాకపోయినా, ఎవరి మొగుడు తాగొచ్చి గొడవ చేసినా పంచాయితీ మా గుమ్మం ముందే. తీర్పు ఆమెది, ఛాయ్ నాది.

ఇక ఆ ఫ్రెంచాయన. పేరు ఎటియెన్ కొర్బె. మా వాళ్లకు ఆ పేరు నోరు తిరగక ఎట్టయ్య సారును చేసేశారు. మా బస్తీ వెనక అత్తరు సీసాలకు మూతలు తయారుచేసే ఫ్రెంచి కంపెనీ ఫ్యాక్టరీ ఒకటుంది. దానికి నాలుగేళ్లు ఆయనే పెద్ద. నేను అందులో హెచ్చార్‌లో పనిచేసేదాన్ని. ఊరివాళ్ల మాట ఆయనకు, ఆయన మాట ఊరివాళ్లకు చెప్పే పని నా నెత్తినే పడింది. మనిషి చెడ్డవాడు కాదు. కానీ గోడ మీద స్లైడ్లు వెయ్యనిదే నోరు పెగిలేది కాదు. క్యాంటీన్‌లో సాంబారు నీళ్లలా ఉంటోందయ్యా అని అడిగితే, సాంబారు మీద కూడా స్లైడ్లు వేసి చూపించిన ఘనుడు. స్లైడ్లు అయ్యాక కూడా సాంబారు నీళ్లలాగే ఉంది.

అసలు గొడవ వెనక గేటుది. ఫ్యాక్టరీ కట్టకముందే అక్కడ వేపచెట్టు కింద పోచమ్మ గుడి ఉంది. కంపెనీ ఆ జాగా కొన్నప్పుడు గుడి ప్రహరీ లోపలికి పోయింది. బస్తీ వైపు వెనక గేటు పెడతాం, బోనాల రోజున తెరుస్తాం అని పెద్దలకు మాటిచ్చారు. ఆ మాట చాలా ఏళ్లు నడిచింది. ఎట్టయ్య సారు వచ్చాక సేఫ్టీ పేరు చెప్పి దానికి తాళం వేయించాడు. పండగ రోజు కావాలంటే మెయిన్ గేటు నుంచి రండి, అందరూ తలకు హెల్మెట్లు పెట్టుకోవాలి అన్నాడు.

అత్తమ్మ వందమంది ఆడవాళ్లను, డప్పులను వెంటేసుకుని గేటు ముందుకొచ్చింది. "బిందూ, సారును ఒక్కటే ముచ్చట అడుగు. హెల్మెట్ మీద బోనం పెట్టుకోవాల్నా, బోనం మీద హెల్మెట్ పెట్టుకోవాల్నా?"

నేను ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కాసేపు నిజంగానే ఆలోచించాడు. దానికీ స్లైడ్లు వేస్తాడేమోనని భయపడ్డాను. చివరికి రూలు రూలే అన్నాడు.

మెయిన్ గేటు హైవే మీద ఉంది. బోనాలెత్తుకుని సర్వీస్ రోడ్డు మీద కంటైనర్ లారీల పక్కనుంచి చుట్టూ తిరిగిపోవాలి. వెనక గేటు తీస్తే నాలుగడుగులు. రెండో ఏడు ఆ చుట్టు తిరుగుడులోనే ఒక లారీవాడు వెనక నుంచి హారన్ కొట్టాడు. మా పెద్దత్తమ్మ సుక్కమ్మ, అంటే అత్తమ్మకు తోటికోడలు, ఉలిక్కిపడి బోనంతో సహా పడిపోయింది. కుండ పగిలింది, తుంటి విరిగింది. అప్పట్నుంచి ఆమె కుర్చీకే పరిమితం. ఆమె ఇంటి అరుగు మీద కూర్చుంటే ఆ వెనక గేటు, గేటు సందులోంచి వేపచెట్టు కనిపిస్తాయి. తల్లికి ఇవ్వాల్సిన బోనం రోడ్డుపాలైంది అని ఆమె ఏడవని ఆషాఢం లేదు. ఆమె ఏడుపు వింటే నాకు ఆ తాళాన్ని రాయితో బద్దలుకొట్టాలనిపించేది.

ఆ తర్వాత ఎట్టయ్య సారు తన దేశం వెళ్లిపోయాడు. నేనూ ఉద్యోగం మానేసి, మా ఆయన ఎల్లేష్ ఫ్లెక్సీల దుకాణంలో డిజైన్లు చూసుకుంటున్నాను. వెళ్లినాయన ఊరికే ఉన్నాడా? కంపెనీకి రాజీనామా ఇచ్చి, తన సొంతూరు వల్మోరెలో మేయరు ఎన్నికకు దిగాడు. ఒకరోజు సాయంత్రం నాకు వీడియో కాల్ చేశాడు. మనిషి చిక్కిపోయాడు.

"బిందూ, నేను ఓడిపోతున్నాను. ఊళ్లో అందరూ నన్ను కంపెనీ మనిషి అంటున్నారు. సభ పెట్టి స్లైడ్లు చూపిస్తే సగంమంది లేచిపోయారు. మీ అత్తగారు ఒక్క కేక వేస్తే వందమంది వచ్చేవారు కదా, ఆవిడ అది ఎలా చేస్తుందో అడిగి చెప్తావా?"

నాకు ఒళ్లు మండింది. మా పెద్దత్తమ్మను కుర్చీలో కూలేసి ఇప్పుడు ఓట్ల కోసం మా దగ్గరికే వస్తాడా! ఫోన్ పెట్టేద్దామనుకున్నాను. అత్తమ్మ లాక్కుంది.

"మీ కంపెనీ పెద్దాఫీసు ఏ ఊర్లుంది సారూ?"

వల్మోరెలోనే, కంపెనీ ఛైర్మన్ కూడా అక్కడే ఉంటాడు అని చెప్పాడు.

"మేయరైతే గా ఛైర్మన్ నీ మాట ఇంటడా?"

"తప్పకుండా వింటాడు."

"అయితే నిన్ను గెలిపిస్త. గెలిచినంక ఎనక గేటు తాళం తియ్యాలె. తాళమేసినోడే తియ్యాలె. సరేనా?"

ఆయన గుండె మీద చెయ్యేసుకుని మాటిచ్చాడు. ఫోన్ పెట్టాక నేను అత్తమ్మతో పోట్లాడాను. ఆమె తమలపాకు ఈనె తీస్తూ, "మన గేటు తాళంచెవి గాయన గెలుపుల ఉన్నదే పిల్లా. నీ కోపం ఏం జేస్కుంటం, పొయ్యిల పెట్టుకుంటమా?" అంది.

పాఠాలు మొదలయ్యాయి. వారానికి రెండుసార్లు సాయంత్రం ఫోను, మధ్యలో దుబాసీని నేను.

"మీ ఊర్ల మొన్న ఎవలన్న సచ్చిపోయిండ్రా?"

రొట్టెలు కాల్చే ఒక ముసలాయన పోయాడట. కార్డు పంపాడట ఈయన.

"కార్డా!" అత్తమ్మ నెత్తి కొట్టుకుంది. "ఓట్లు పెండ్లిల దొరకయి సారూ, సావుల దొరుకుతయి. పెండ్లికి పోతె బువ్వ కోసమొచ్చిండు అంటరు. సావుకు పోతె మనోడు అంటరు. పోయి ఎనక కూసో. ఏం మాట్లాడకు. లేచేటప్పుడు కుర్చీలు నువ్వే సర్దు."

నేను అనువదించాను. కుర్చీలు సర్దడం దగ్గర ఆయన రెండోసారి అడిగాడు. సర్దాలి సార్, మీరే సర్దాలి అన్నాను. ఇన్నేళ్లు నాతో ఫైళ్లు సర్దించుకున్నాడు కదా, అలా చెప్తుంటే నాకు మహా హాయిగా ఉంది.

తర్వాత ఇంకో పాఠం. ఎవరింటికి వెళ్లినా ముందు పిల్లల పేర్లు అడగాలి. ఆ ఊళ్లో పిల్లలు తక్కువట, కుక్కలే ఎక్కువట. "అయితే కుక్కల పేర్లు నేర్సుకో" అంది అత్తమ్మ. ఆయన నేర్చుకున్నాడు. ఎంత శ్రద్ధగా అంటే, సంతలో ఎదురైన కుక్కను పేరు పెట్టి పిలిచి, దాని యజమానిని మాత్రం మీరెవరండీ అని అడిగాడట. ఆ సంగతి చెప్తే అత్తమ్మ పమిట నోట్లో కుక్కుకుని నవ్వింది.

అన్నిటికంటే పెద్ద పాఠం చివర చెప్పింది. ఈత కొలను ఎప్పుడు బాగు చేస్తారని జనం అడుగుతున్నారు, ఏం చెప్పను అన్నాడు ఆయన.

"అవునని అనకు, దొరుకుతవ్. కాదని అనకు, ఓడుతవ్. గుండె మీద చెయ్యేసి 'సూద్దాం తల్లీ' అను."

ఆ రెండు ముక్కలకు ఇంగ్లీషులో సరైన మాట దొరక్క నా తల ప్రాణం తోకకొచ్చింది. అలాగే తెలుగులోనే నేర్పాను. ఆయన అద్దం ముందు నిలబడి చెయ్యి గుండె మీద పెట్టుకుని ప్రాక్టీసు చేశాడట. పనిలో పనిగా నేను వల్మోరె వాళ్ల ఫేస్‌బుక్ పేజీలో కూడా చేరిపోయాను. రొట్టెల కొట్టు ముసలాయన కూతురు ఆ పేజీలో రాసింది: "కొర్బె మా నాన్న అంత్యక్రియలకు వచ్చి, ఒక్క మాట మాట్లాడకుండా కుర్చీలు సర్ది వెళ్లాడు." దాని కింద కన్నీళ్ల బొమ్మలే బొమ్మలు.

గెలిచాడు. బొటాబొటిగానే, కానీ గెలిచాడు. భుజం మీంచి వాళ్ల జెండా రంగుల పట్టీ వేసుకున్న ఫోటో పంపాడు.

"గిదేంది, పెండ్లికొడుకు లెక్కున్నడు," అని మురిసిపోయింది అత్తమ్మ. వెంటనే సుక్కమ్మ ఇంటికి పోయి, "అక్కా, ఈ ఏడు బోనం నువ్వే ఎత్తుతవ్. కుండకు సున్నం, పసుపు తెప్పించిపెట్టుకో" అని చెప్పేసింది. ఆ ముసలి ప్రాణం ఆ రోజునుంచే ఎదురుచూడటం మొదలుపెట్టింది.

ఆషాఢం దగ్గరికొచ్చింది. ఫోన్ చేస్తే ఎట్టయ్య సారు ఎత్తడు. మెసేజ్ పెడితే దండం బొమ్మ వస్తుంది. ఎట్టకేలకు ఒకరోజు దొరికాడు. కంపెనీ ప్రైవేటుదట. మేయరు జోక్యం చేసుకుంటే బాగుండదట. పైగా ఆ తాళం వేయించింది తనేనని బయటపడితే ఇబ్బందట. ఒక కమిటీ వేసి ఆలోచించవచ్చట. చెప్పీ చెప్పీ, చివరికి అత్తమ్మ ముఖంలోకి చూసి, గుండె మీద చెయ్యేసుకుని తెలుగులో అన్నాడు.

"సూద్దాం తల్లీ."

నేను ఫోన్ విసిరికొట్టబోయాను. అత్తమ్మ మాత్రం దాన్ని నా చేతిలోంచి తీసుకుని పక్కన పెట్టి, పకపకా నవ్వింది.

"నా పాట నాకే పాడిండే," అంది. "మంచిగ నేర్సుకున్నడు. నాకంటె మంచిగ అన్నడు."

"నవ్వుతారేంది అత్తమ్మా! పెద్దత్తమ్మకు ఏం జెప్తరు? ఆమె కుండకు రంగులేసి పెట్టుకున్నది!" అని అరిచాను. నిజంగానే ఏడుపొచ్చింది నాకు.

"ఒర్రకు. పిల్లి పులికి అన్నీ నేర్పింది గని, సెట్టెక్కుడు నేర్పలేదు. ఎల్లేషూ, ఓ ఫ్లెక్సీ కొట్టు బిడ్డా, పెద్దది."

మా వైపు పనులు ఎలా జరుగుతాయో తెలిసినవాళ్లకు ఈ విద్య కొత్త కాదు. నాయకుడు పని చెయ్యకపోతే తిట్టకూడదు. చేసేశాడని పొగడాలి. రోడ్డు వేయకముందే వేసినందుకు ధన్యవాదాలని బోర్డు పెట్టి, ఫోటోకు పాలాభిషేకం చేస్తే, ఆ పాలు ఆరేలోపు రోడ్డు రోలరు రావాల్సిందే. రాకపోతే పరువు పోయేది మనది కాదు కదా.

ఎల్లేష్ ఫ్లెక్సీ కొట్టాడు. రంగుల పట్టీ వేసుకున్న ఎట్టయ్య సారు నిలువెత్తు బొమ్మ, పక్కన పోచమ్మ తల్లి, కింద మూలకు దండం పెడుతున్న అత్తమ్మ. "పోచమ్మ తల్లి బోనాలకు వెనక గేటు తెరిపించిన పేదల పెన్నిధి, వల్మోరె మేయర్ శ్రీ ఎటియెన్ కొర్బె గారికి ధన్యవాదములు. ఇట్లు, గుండ్లపోచంపల్లి ఆడపడుచులు." దాని కిందే ఫోన్‌లో ఫ్రెంచిలోకి మార్చి అదే మాట ఇంకోసారి వేశాను. మధ్యాహ్నం ఎండలో తాళమేసిన గేటు ముందు ఫ్లెక్సీ కట్టాం. డప్పులు మోగాయి, బిందెలతో పాలు పోశాం. నేను వీడియో తీసి వల్మోరె పేజీలో పెట్టేశాను.

పెట్టాక చూసుకుంటే, సారు తల పైన పసుపు అక్షరాల్లో "కాబోయే ఎమ్మెల్యే" అని ఉంది.

"గదేందయ్యా!" అని మా ఆయన మీద పడ్డాను.

"అరె, నాయకుల ఫ్లెక్సీ అంటె గది ఉంటది గదనే," అన్నాడు ఎల్లేష్ అమాయకంగా. ఆయన దుకాణంలో ఏ లీడరు బొమ్మ వేసినా నెత్తిన ఆ ముక్క ముందే ఉంటుంది. ఎవరూ తీసేయమని ఇంతవరకు అడగలేదు. నేను కూడా ఫ్లెక్సీ మీదున్నదంతా చూడకుండానే ఫోన్‌కిచ్చి మార్పించాను కాబట్టి, అది ఫ్రెంచిలో కూడా వచ్చి కూర్చుంది. వాళ్ల పార్లమెంటుకు కాబోయే మెంబరు అని.

తెల్లారేసరికి వల్మోరె ఊరు ఊరంతా ఆ వీడియో చూసింది. రొట్టెల కొట్టు కూతురు "మా మేయరు!" అని హృదయం బొమ్మ పెట్టింది. ఇంకొకాయన "ప్రపంచం అంచున గేటు తెరిపించావు, ఇక్కడ మా ఈత కొలను ఎప్పుడు తెరుస్తావు?" అని పొడిచాడు. వాళ్ల ఊరి పేపరువాళ్లు ఎట్టయ్య సారు ఇంటికి పోయారు. ఇప్పుడాయన ఏమని చెప్తాడు? గేటు నేను తెరిపించలేదు అంటే, మరి తాళం వేయించిందెవరు అని అడుగుతారు. పైగా ఆ "కాబోయే" ముక్క చూసి, ఈయనకు మన దేశం బయట కూడా ఇంత బలగం ఉందా అని పార్టీ పెద్దలే ఫోన్ చేశారట. మనిషికి అంతకంటే ఏం కావాలి! పేపరువాళ్లతో వినయంగా తల వంచి, "ఒక పేద బస్తీ కోసం నేను చేయగలిగింది అంతే" అన్నాడు. ఆ పేపరు చదివిన ఛైర్మన్ తన ఫ్యాక్టరీకి ఇంత పేరొచ్చిందని ఉబ్బితబ్బిబ్బయ్యాడు.

రెండు రోజుల్లో ఫ్యాక్టరీ ఇప్పటి మేనేజర్ జైపాల్ చెమటలు తుడుచుకుంటూ మా ఇంటికొచ్చాడు. చేతిలో తాళంచెవి.

"అమ్మా, పెద్దాఫీసు నుంచి మెయిల్ వచ్చింది. గేటు తెరిచిన ఫోటో వెంటనే పంపాలంట. మీరు నాకు ముందే ఒక్క మాట చెప్తే ఇంత పరేషాన్ ఉండేది కాదు గదా?"

"జెప్పినం గద సారూ, ఇన్నేండ్ల సంది," అంది అత్తమ్మ.

బోనాల రోజు వెనక గేటు కిర్రుమంటూ తెరుచుకుంది. సుక్కమ్మను కుర్చీతో సహా మా ఆయన, ఇంకో ముగ్గురు ఎత్తుకున్నారు. ఒళ్లో పసుపు రాసిన కుండ, వేపాకు, పైన దీపం. రెండు చేతులా కుండను పట్టుకుని, పెదవులు బిగబట్టి, దీపం మీంచి చూపు తిప్పకుండా కూర్చుంది. గేటు దాటి నాలుగడుగులు, అంతే, గుడి. అమ్మవారి ముందు బోనం దించాక ఆమె ఏడ్చిన ఏడుపు వేరు. అది విని డప్పులవాళ్లు కూడా ఆగిపోయారు. నేనూ ఏడ్చాను, సిగ్గేముంది.

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. ఎట్టయ్య సారు. వీడియోలో మెరిసిపోతున్నాడు. పార్లమెంటు ఎన్నికకు పార్టీ తన పేరు ఆలోచిస్తోందట, అత్తమ్మతో మళ్లీ పాఠాలు మొదలుపెట్టాలట. నేనింకా నోరు తెరవకముందే సుక్కమ్మ కళ్లు తుడుచుకుని ఫోన్‌లోకి తొంగిచూసింది.

"గీ సారేనా గేటుకు తాళమేసింది?"

అత్తమ్మే అంది, "గీ సారే అక్కా. తీసింది గూడ గీ సారే."

సుక్కమ్మ తిట్టలేదు. అమ్మవారికి మొక్కినట్టే ఫోన్ వైపు తిరిగి దండం పెట్టింది. "ఇగ ఎయ్యకు నాయినా. నేనింక ఎన్ని ఏండ్లుంట?"

నేను మాట మార్చకుండా ఇంగ్లీషులో చెప్పాను. ఆ మెరుపంతా ఆయన ముఖంలోంచి పోయింది. ఆమె కూర్చున్న కుర్చీని, ఆ వంకర కాలును చూశాడు. ఆయనకు ఆ కాలు సంగతి తెలియదు. నేనెప్పుడూ చెప్పలేదు, ఆయనెప్పుడూ అడగలేదు. చెయ్యి మెల్లగా గుండె మీదికి పోయింది.

"సూ..." అన్నాడు.

అత్తమ్మ ఫోన్ దగ్గరికి వచ్చి నిలబడి ఒక్క చూపు చూసింది. ఆయన చెయ్యి కిందికి దిగింది.

"ఎయ్య," అన్నాడు. తర్వాత, సరిగ్గా అన్నానో లేదోనని అనుమానమొచ్చినట్టు, "ఎయ్య, అమ్మా" అన్నాడు. రాజకీయాల్లోకి వచ్చాక ఆయన తిన్నగా చెప్పిన మాట అదొక్కటే అయ్యుంటుంది.

సాయంత్రం జైపాల్ గేటు దగ్గరికొచ్చి తాళంచెవి కోసం చెయ్యి చాపాడు. అత్తమ్మ దాన్ని కొంగున ముడేసుకుని, ముడి మీద ఇంకో ముడేసింది.

"అమ్మా, మా పాత పెద్దసారు మాటిచ్చిండు గదా, ఇంక వెయ్యనని?"

"ఇచ్చిండు సారూ. మంచోడే," అంది అత్తమ్మ, కొంగు నడుముకు దోపుకుంటూ. "గని గాయనకు రాజకీయం నేర్పింది నేనే గద."